జెలె తాడుకి చివరి ముడి

ఆ ఏడాది వేసవి మేతకి కొండమీదికి బయల్దేరినప్పుడు లారీలో మా ఇంటి సామానంతా ఉంది. గుడారం కర్రలు, ఉన్ని పరుపులు, టీ కాచే సమోవార్, పిండి బస్తాలు, గుర్రపు పాలని కుమిస్‌గా పులియబెట్టే తోలుసంచి. ఎవరికీ చెప్పకుండా నేను పెట్టుకున్నది ఒక్కటే, పాత కోటు లోపలి జేబులో ఒక మాత్రల డబ్బా. ముప్ఫై మాత్రలు. జూన్ నెలంతా వాటిని ఎన్నిసార్లు బయటికి తీసి చూసుకున్నానో నాకే తెలియదు. చూసుకోవడమే తప్ప వేసుకున్నది లేదు.

నాకు భయం. దేనికని అడిగితే చెప్పలేను. చుట్టాలందరూ అదే అడిగేవారు, ఏం జరిగింది, ఎవరు పోయారు, ఎవరేమన్నారు అని. ఏమీ జరగలేదు, ఎవరూ పోలేదు. చలికాలంలో ఒక పొద్దున రొట్టె కాలుస్తూ ఉండగా గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. చావలేదు గానీ ఆ దడ మాత్రం మా ఇంట్లోనే మకాం పెట్టింది. మా ఆయన మెదెర్ గుర్రాల మంద వెంట వెళితే గుర్రం మీంచి పడిపోయాడని అనుకునేదాన్ని. పొయ్యి మీద పాలు పెడితే ఇల్లు అంటుకుంటుందని అనుకునేదాన్ని. నా కూతురు సాల్కిన్‌కి ఆరేళ్లు. అది దగ్గితే చాలు, నా పైప్రాణాలు పైనే పోయేవి.

మే నెలలో ఉన్ని అమ్మే వంకతో నారిన్ పట్నం వెళ్లి, అక్కడ ఒక డాక్టరమ్మకి చూపించుకున్నాను. నడివయసు మనిషి, కళ్లజోడు జుట్టులోకి నెట్టుకుని రాసుకుంటోంది.

"పేరు?"

"సైకల్."

"ఇంట్లో ఎవరెవరుంటారు? అవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

"మా ఆయన మందతో ఉంటాడండి, సిగ్నల్ ఉండదు. మా అత్తమ్మకి చెయ్యండి."

"ఆవిడ పేరు?"

మాలో కోడలు అత్తింటి పెద్దల పేర్లు నోటితో పలకకూడదు. ఆవిడ తలెత్తి చూసి నవ్వింది. "నేనూ కోడల్నేలే. ఇదిగో, కాగితం మీద రాయి." రాశాను. ఇప్పుడు ఇది చెబుతున్నప్పుడు కూడా నా నోటికి ఆ పేరు రాదు. ఆమె నాకు అత్తమ్మే.

"రోజుకొకటి, పొద్దున పూట వేసుకో," అంది డాక్టరమ్మ. "మొదటి వారం పది రోజులు దడ ఇంకాస్త పెరిగినట్టు అనిపించొచ్చు. భయపడి మానెయ్యకు. గుణం కనపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. నీకు నువ్వుగా ఆపొద్దు, ఆపాలంటే నాకు చెప్పు."

"భయపడకు అంటే భయపడకుండా ఉండేదాన్నయితే ఇంత దూరం ఎందుకొస్తానండీ?"

"అదీ నిజమే," అని మళ్లీ నవ్వింది. "మందు తాగొద్దు."

"నాకు ఆ అలవాటు లేదండి."

"కుమిస్ తాగవా?"

"తాగుతాను. కుమిస్ మందెట్లా అవుతుంది?"

"పులిసిన పాలే కదమ్మా, అందులోనూ మత్తు ఉంటుంది. మొదట్లో అదీ వద్దు."

మా ఇంట్లో కుమిస్ చేసేది నేను. పితకడం, పోయడం, చిలకడం సరే, ఎప్పటికి పుల్లబడిందో రుచి చూసి చెప్పేది కూడా నేనే. అత్తమ్మ మూడేళ్ల కిందట కవ్వం నా చేతికిచ్చి, ఇక నీ నాలుకే ఈ ఇంటి నాలుక అంది. నాకు దక్కిన గౌరవం అదొక్కటే. రుచి చూడకుండా ఎట్లాగండీ అని అడిగితే డాక్టరమ్మ తేలిగ్గా, "ఇంకెవరైనా చూస్తారు," అంది. పట్నం వాళ్లకి అన్నీ తేలికే.

లేచి వచ్చేముందు గుమ్మంలో నిలబడి అడిగాను, నా పేరు పిచ్చివాళ్ల పుస్తకంలో ఎక్కుతుందా అని. ఎక్కదమ్మా, ఆ కాలం పోయింది అంది. సగమే నమ్మాను. మా ఊళ్లో ఆ పుస్తకంలో పేరెక్కిన ఒకాయనకి లారీ తోలే కాగితం రద్దయింది, ఆయన చెల్లెలికి పెళ్లి కుదరడం కూడా కష్టమైంది. ఆ కాలం పోయిందో లేదో పట్నం వాళ్లకి తెలుసేమో గానీ మా ఊరికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

డబ్బాలో మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. ఈ మాత్రవల్ల ఏమేం వస్తాయో అన్నీ సన్నటి అక్షరాల్లో రాశారు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, నిద్ర ఎక్కువ రావడం. ఈ రెండూ ఒకే మాత్రవల్ల ఎట్లా వస్తాయో నాకు అర్థం కాలేదు. మడతల దగ్గర చిరిగిపోయేదాకా చదివాను. అలాంటి కాగితాన్ని నాలాంటి దాని చేతికి ఇవ్వకూడదు.

* * *

కొండమీద మా పని గడియారంలా నడుస్తుంది. నేలమీద రెండు మేకుల మధ్య పొడుగ్గా ఒక తాడు లాగి కడతాం, దాన్ని జెలె అంటాం. గుర్రపు పిల్లల్ని పగలంతా ఆ తాడుకి వరసగా కట్టేస్తాం. పిల్ల ఇక్కడుంటే తల్లి ఎక్కడ మేసినా తిరిగి ఇక్కడికే వస్తుంది. రెండు గంటలకోసారి పితకాలి. ముందు పిల్లని విప్పి తల్లి దగ్గరికి వదిలి, అది రెండు గుక్కలు తాగి తల్లి పాలు చేపగానే పక్కకి లాగి, ఒక మోకాలు నేలమీద ఆనించి, రెండో మోకాలి మీద బకెట్టు పెట్టుకుని, ఒక చెయ్యి గుర్రం వెనకకాలి చుట్టూ తిప్పి పితకాలి. ఆవులాగా నిదానంగా నిలబడి ఇచ్చే జాతి కాదది. మనిషి చెయ్యి కాస్త బెదిరినా పాలు పైకి లాగేసుకుంటుంది.

ఆ ఏడాది ఏడు గుర్రాలు ఈనాయి. వాటిలో తెల్లకాలిది జూన్ నెలంతా నాకు ఇవ్వలేదు. నేను కూర్చుంటే చాలు, తోక విసిరేది, కాళ్లు మార్చేది. అత్తమ్మ కూర్చుంటే మాత్రం బుద్ధిగా ఇచ్చేది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్లు పట్టేసినా కూర్చుని పితికి, లేచేటప్పుడు గుర్రం కాలే పట్టుకుని లేచేది.

"గుర్రం నీ చెయ్యి చూసి జంకుతోందే," అంది ఒకరోజు. "నీ చేతిలో చల్లదనం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

దాచి దాచి విసుగొచ్చింది నాకు. డాక్టరమ్మ సంగతి, మాత్రల సంగతి అక్కడే, పాల బకెట్టు పక్కన నిలబడి చెప్పేశాను. అత్తమ్మ కేకలు వెయ్యలేదు. గుర్రం నడుము మీద చెయ్యివేసి నింపాదిగా విన్నది. విన్నాక మొదలుపెట్టింది.

"పిచ్చి మాత్రలు మింగిన చేత్తో పాలు పితుకుతావా? పట్నం నుంచి మన దగ్గరికి జనం ఎందుకొస్తున్నారే? పది రోజులు కుమిస్ తాగితే నరాలు కుదుటపడతాయని. ఆ కుమిస్ చేసేదే నరాలకి మాత్రలు మింగుతోందని తెలిస్తే ఇక మన గుమ్మం ఎవడు తొక్కుతాడు?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

"నీది జబ్బు కాదు సైకల్. మీ నాయనమ్మ చెయ్యి చూసి మంత్రించేది కాదూ? ఆ పెద్దావిడ పోయాక ఆ దారి ఎవరూ పట్టలేదు. పోయిన పెద్దలు నిన్ను పిలుస్తున్నారు. పిలుపు వచ్చినవాళ్లకి ముందు ఇలాగే గుండె కొట్టుకుంటుంది, ఒంట్లో నెమ్మది ఉండదు. దానికి మాత్రలేంటి?"

సాయంత్రం మెదెర్ మంద తోలుకుని వచ్చాక అతన్ని అడిగాను. జీను దించుతూ, "వేసుకోవాలనిపిస్తే వేసుకో, వద్దనిపిస్తే మానెయ్," అన్నాడు.

"ఏది అనిపిస్తోందో తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?"

"మరి అమ్మనడుగు," అన్నాడు. మంచివాడే. కానీ కొన్నిసార్లు మంచివాడితో కాపురం చేస్తుంటే గోడకి చేరగిలబడినట్టుంటుంది, ఆనుకోవచ్చు గానీ మాట్లాడలేం.

* * *

జూలై మొదట్లో అత్తమ్మ నన్ను గుర్రమెక్కించి, లోయ అవతల ఊట దగ్గరున్న దర్గాకి తీసుకెళ్లింది. అక్కడ మంత్రించే మనిషిని అందరూ బుబు అక్క అంటారు. చెట్టుకొమ్మలకి కట్టిన గుడ్డపీలికల కింద కూర్చుని ఉంది, చేతిలో జపమాల. నన్ను చూసి జాలిపడింది, అబద్ధం చెప్పకూడదు. నా అరచేతులు తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి, ఆ కాసేపూ నాకు ఏడుపొచ్చేంత హాయిగా ఉంది. ఆవిడ అక్కడితో ఆపి ఉంటే నేను వారం వారం వెళ్లేదాన్నేమో.

"నీ మీద పెద్దల చూపు పడింది తల్లీ," అంది. "ఈ దారిలోకి రా. నలభై రోజులు ఈ ఊట దగ్గర ఉండు. నీ చెయ్యి పదిమందికి మేలు చేస్తుంది."

"నలభై రోజులా? మరి గుర్రాలో?"

"గుర్రాలదేముంది. నువ్వు కాదంటే ఆ బరువు ఇంకొకరి మీదికి దిగుతుంది. నీకు ఆడపిల్ల ఉంది కదూ?" కళ్లు తెరిచి నా వెనక ఎవరో ఉన్నట్టు చూసింది. "నీళ్ల దగ్గర జాగ్రత్త."

అంతే అన్నది. మంచికే అన్నదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ అప్పటిదాకా ఇల్లంతా తిరుగుతున్న నా భయానికి ఆ మాటతో చోటు దొరికింది. తిరుగుదారిలో అత్తమ్మ ఏదో చెబుతూనే ఉంది, నాకు ఒక్క మాట చెవికెక్కలేదు. మా గుడారానికి యాభై అడుగుల దూరంలో వాగు ఉంది. మంచు కరిగిన నీళ్లు, మోకాలి లోతే, కానీ వడి ఎక్కువ. సాల్కిన్ రోజంతా ఆ ఒడ్డునే ఆడుకునేది.

ఆరోజు నుంచి అది ఎటు వెళితే నా కళ్లు అటు. పిండి కలుపుతూ బయటికొచ్చేదాన్ని, చేతులకి పిండి అంటుకునే ఉండేది. బోర్సోక్‌లకి పిండిముక్కలు నూనెలో వేసి మరిచిపోయి పరిగెత్తేదాన్ని, అవి బొగ్గులయ్యేవి. పితుకుతూ పితుకుతూ తల తిప్పేదాన్ని, గుర్రం అడుగు వేసేది, బకెట్టు దొర్లిపోయేది. కాలుగాలిన పిల్లిలా గుడారానికీ వాగుకీ మధ్య తిరగడమే నా పనైపోయింది. మాత్ర వేసుకుంటే పిలుపు కాదన్నట్టు అవుతుంది, పిల్లకి చేటు. వేసుకోకపోతే ఇదిగో ఇలా. నలభై రోజులు ఊట దగ్గరికి పోతే పిల్లని చూసేదెవరు? ఎటు తిప్పినా ఆ ముడి నా మెడకే బిగిసేది.

"అమ్మా, నీళ్లలోకి దిగనులే. రాళ్లు ఏరుకుంటా."

"వద్దు."

"ఒడ్డునే కూర్చుంటా."

"వద్దన్నానా. నాకు కనిపించేలా ఉండు."

"నువ్వు ఎప్పుడూ అటూ ఇటూ తిరుగుతావుగా, నీకు కనిపించేలా ఎక్కడ ఉండాలి?"



* * *

జూలై చివర్లో ఒకరోజు పక్క శిబిరంలో మనవణ్ణి ఉయ్యాల్లో వేస్తున్నారని పిలుపొస్తే అత్తమ్మ పొద్దున్నే గుర్రమెక్కి వెళ్లింది. తప్పిపోయిన రెండు గుర్రాల్ని వెతుక్కుంటూ మెదెర్ కొండదాటి పోయాడు. మిగిలింది పాలిచ్చే గుర్రాలు, సాల్కిన్, నేను. వాగు దగ్గర పక్క శిబిరం ఆడపిల్లలు ఉన్ని ఉతుకుతూ నవ్వుతున్నారు. సాల్కిన్ పది నిమిషాలకోసారి అటు జారుకునేది, నేను బకెట్టు వదిలేసి పరిగెత్తి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. మూడోసారికి ఎంత గట్టిగా లాగానంటే దాని ముఖం చిన్నబోయింది. పక్కన కూర్చోబెట్టుకుని పితకబోతే తెల్లకాలిది కాలు విసిరింది. ఆ గిట్ట సాల్కిన్ చెవి పక్కనుంచి పోయింది.

జెలె తాడు చివర ఒక పలుపు ఖాళీగా ఉంది. ఒక గుర్రపు పిల్ల పాలు మరిచి పెద్దమందలో కలిసిపోయింది, దానిది.

"ఒక ఆట ఆడదామా?" అన్నాను. "ఇవాళ నువ్వు కూడా గుర్రపు పిల్లవి. నేను వచ్చి విప్పేదాకా కదలకూడదు."

దానికి సరదాగానే ఉంది. సకిలించింది కూడా. పలుపు నడుముకి చుట్టి, గుర్రపు పిల్లలకి వేసే ముడే వేశాను. అది బిగుస్తుందే తప్ప లాగితే ఊడదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ పూట నాకు చాలా హాయిగా ఉంది. చలికాలం తర్వాత అదే మొదటిసారి. తల తిప్పనక్కర్లేదు, పరిగెత్తనక్కర్లేదు. నా చేతులు వెచ్చబడ్డాయి. తెల్లకాలిది కూడా ఆరోజు నాకు పాలు చేపింది, బకెట్టులో నురగ పైకి లేచింది. పిలుపో జబ్బో ఏదైతేనేం, తగ్గిపోయింది అనుకున్నాను. రెండో పితుకుడు అయ్యింది. పాలు తోలుసంచిలో పోసి, ఐదువందల సార్లు చిలికి, రొట్టె కాల్చుకుని మూడో పితుకుడుకి కూర్చున్నాను. పిల్లకి మధ్యలో ఒక రొట్టెముక్క, మీగడ ఇచ్చాను. విప్పమని అది అడగలేదు. నేనూ విప్పలేదు.

అత్తమ్మ గుర్రం దిగిన చప్పుడు నాకు వినపడలేదు. తల ఎత్తేసరికి జెలె చివర నిలబడి ఉంది. గుర్రపు పిల్లలు ఆరూ వరసగా పడుకుని ఉన్నాయి, చివర సాల్కిన్ మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. దాని గౌను ముందువైపంతా తడిసి ఉంది. కింద గడ్డి కూడా.

"ఏమ్మా, ఇక్కడే పోసుకున్నావా?" అంది అత్తమ్మ, చాలా మెల్లగా.

సాల్కిన్ చెవుల దాకా ఎర్రబడిపోయింది. "కదలొద్దంది అమ్మ."

"పిలవకపోయావా అమ్మని?"

"పిలిస్తే అమ్మకి భయమేస్తుంది."

బకెట్టు ఇంకా నా మోకాలి మీదే ఉంది. అత్తమ్మ వంగి ముడి విప్పబోయింది. అది పొద్దుటి నుంచి బిగిసి బిగిసి రాయి అయిపోయింది. ఆవిడ గోళ్లు దిగలేదు. నడుము పట్టీలోంచి కత్తి తీసింది. జెలె తాడు మీద కత్తి పెట్టడం మా ఇంట్లో మహా తప్పు, మందకి అరిష్టం అంటారు. పాత తాడు పుచ్చిపోతే కూడా ఆవిడ ముడులు విప్పిస్తుందే గానీ కొయ్యనివ్వదు. తాడు దాటితేనే నన్ను ఎన్నిసార్లు తిట్టిందో. ఆ మనిషి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పలుపు కోసేసింది. పిల్లని ఎత్తుకుంది. మోకాళ్లు సహకరించక తూలి, పక్కనున్న గుర్రపు పిల్ల వీపు పట్టుకుని నిలబడింది. పిల్ల గౌను మార్చడానికి గుడారంలోకి తీసుకుపోయింది.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను ఆ కోసిన పలుపు కొసనే చూస్తూ కూర్చున్నాను. ఆ పూట నాకు నిమ్మళం ఇచ్చింది ఆ ముడే. ఇవాళ విప్పేస్తే రేపు మళ్లీ వేస్తాను, ఇంత హాయిగా ఉన్నదాన్ని ఎందుకు మానుతాను? పిలుపు కాదంటే పిల్లకి ఏదో అవుతుందని కదా నా భయం. అయ్యింది. చేసింది నేను.

గుడారంలోకి వెళ్లి పాత కోటు దించాను. డబ్బా తీశాను. కాగితం మళ్లీ చదవలేదు, పొయ్యిలో వేశాను. మాత్ర దాని రేకు పొరలోంచి ఒక పట్టాన రాలేదు. అత్తమ్మ పిల్ల తల దువ్వుతూ నన్నే చూస్తోంది. నేను ఆమె అనబోయే మాట కోసం ఆగాను. నిజం చెప్పొద్దూ, వద్దంటుందేమో, అంటే మానేద్దామని కూడా కాస్త ఆశ.

"నీళ్లతో వేసుకోవాలా, టీతోనా?" అంది.

* * *

ఆ తర్వాతి పది రోజులూ డాక్టరమ్మ చెప్పినంతా అయ్యింది. దడ తగ్గకపోగా పెరిగింది. అన్నం చూస్తే వికారం. కూర్చుంటే ముళ్లమీద కూర్చున్నట్టు, పడుకుంటే కాళ్లు ఆగవు. గుడారం చుట్టూ తిరిగీ తిరిగీ గడ్డి చదునైపోయింది. ఆరో రోజున మాత్ర నాలుక మీద పెట్టుకుని మళ్లీ చేతిలోకి ఉమ్మేశాను. అత్తమ్మ చూసింది.

"ఏమైంది?"

"ఇది వేసుకున్నాకే ఎక్కువైంది అత్తమ్మా. నావల్ల కాదు."

"పది రోజులు అంతేనని డాక్టరమ్మే చెప్పిందన్నావు కదా?"

"చెప్పింది."

"ఇవాళ ఎన్నోది?"

"ఆరు."

"మరి ఆరేగా. మింగు. కొత్త గుర్రం మొదట్లో దులిపేస్తుంది, మూడునాళ్లకే దిగిపోతామా?" అని, పొయ్యిలోకి చూస్తూ అంది, "నాకు ఈ మాత్రల మీద ఇప్పటికీ నమ్మకం లేదే. నీ మీద ఉంది. మింగు."

మింగాను. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆవిడ నాతో అన్న మంచి మాట అదొక్కటే, అదీ నన్ను చూడకుండా అంది.

కుమిస్ రుచి చూడడం మళ్లీ తనే తీసుకుంది. మొదటిరోజు నోట్లో పోసుకుని ముఖం చిట్లించి, "నా నాలుక ముసలిదైపోయింది, ఏమీ తెలియడం లేదు. వాసన చూసి చెప్పు," అంది. అట్లా ఇద్దరం కలిసి చేశాం, ముక్కు నాది, నాలుక ఆవిడది. ఏదో వెలితిగానే ఉండేది నాకు, పక్కనే కవ్వం ఉండి కూడా ఒక్క చుక్క ముట్టకపోవడం. ఆ వేసవి కుమిస్ అంత బాగా కుదరలేదని పాత చుట్టాలు అన్నారు. అననీ.

పొద్దున మొదటి పితుకుడు అవగానే అత్తమ్మ బయటి నుంచి అరిచేది. "సైకల్, నీ మాత్ర!" చుట్టూ ఎవరున్నారో చూసేది కాదు. ఆగస్టులో పట్నం నుంచి వచ్చిన ఒకావిడ, నరాల కోసమే వచ్చింది, పొద్దున్నే గిన్నెడు కుమిస్ తాగుతూ అడిగింది, ఏం మాత్రండీ అది అని.

"నరాలకి," అంది అత్తమ్మ.

"మీ కోడలికా? కుమిస్ ఉండగా మాత్రలెందుకు?"

"కుమిస్ మీకు, మాత్ర దానికి. తాగండి, వేడెక్కిపోతే బాగుండదు," అని ఆవిడ గిన్నెలో ఇంకో గరిటె పోసింది.

ఎప్పుడు తగ్గిందో నాకు తెలియలేదు. ఒక ఉదయాన్నే తగ్గిపోలేదు. ఒకరోజు బోర్సోక్‌లు మాడలేదు, అంతే. ఇంకోరోజు పితికి లేచాక గుర్తొచ్చింది, మధ్యలో నేను తల తిప్పలేదని, జెలె చివర ఎవరినీ కట్టలేదని. భయం పోయిందని కాదు. ఉంది. కాకపోతే ముందు నడిచేది ఇప్పుడు పక్కన నడుస్తోంది. డబ్బా అయిపోతోందంటే మెదెర్ పంచదారకి పట్నం వెళ్లినవాడు ఇంకో డబ్బా తెచ్చాడు. మందుల షాపులో పేరు పలకడం రాక ఖాళీ డబ్బా పైకెత్తి, ఇదే మా ఆవిడది అని అందరికీ వినపడేలా అడిగాడట. పిచ్చివాళ్ల పుస్తకం గురించి నేను పడ్డ బాధంతా ఆ ఒక్క కేకతో ఎగిరిపోయింది.

* * *

ఆగస్టు చివరికి గడ్డి పసుపురంగు తిరిగింది, ఉదయాల్లో వాగు అంచున మంచు పొర కట్టింది. చివరి పితుకుడు అయ్యాక గుర్రపు పిల్లల్ని జెలె నుంచి వదిలేసే రోజది. ఆ తర్వాత మళ్లీ వేసవిదాకా వాటిని కట్టం, పాలన్నీ వాటివే. అత్తమ్మ మేకు దగ్గర కాస్త కుమిస్ ఒలకబోసి, చేతులు చాచి దువా చేసింది. విప్పే పని సాల్కిన్‌కి ఇచ్చింది.

అది ఒక్కొక్క పిల్ల దగ్గరా కూర్చుని, నాలుక బయటపెట్టి, ముడి విప్పి, వీపు మీద ఒకటి చరిచి పంపింది. ఆరు పిల్లలు ఎగిరి తన్నుకుంటూ తల్లుల వైపు పరిగెత్తాయి. తాడు చివర కత్తితో కోసిన పలుపు కొస మిగిలింది. నేను దాన్ని ఎన్నోసార్లు విప్పి పారేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. అత్తమ్మ కూడా ముట్టుకోలేదు.

సాల్కిన్ దాని దగ్గరికి వెళ్లి, గడ్డిలో కూర్చుని, ఆ కొసని నడుముకి ఆనించి పట్టుకుంది.

"అమ్మా, నన్ను కూడా విప్పు."

అత్తమ్మ చేతిలో కుమిస్ గిన్నె ఆగిపోయింది. నేను వెళ్లి ఒక మోకాలి మీద కూర్చున్నాను, పితకడానికి కూర్చున్నట్టే. అక్కడ ముడి లేదు. అయినా వేళ్లతో ఒక్కొక్క మెలికా తీసినట్టు, తాడు చుట్టూ తిప్పి లాగినట్టు నిదానంగా విప్పాను. అది కదలకుండా నా చేతుల్నే చూస్తూ కూర్చుంది. తర్వాత వీపు మీద ఒకటి చరిచాను.

"పో," అన్నాను.

సకిలించి, గుర్రపు పిల్లల వెంట పడి పరిగెత్తింది. వాగు మీది రాళ్లు రెండు గెంతుల్లో దాటి, అవతలి దిబ్బ ఎక్కి, దిగి కనపడకుండా పోయింది. నా గుండె మళ్లీ దడదడమంది. ఒక కాలు లేవబోయింది.

"పొద్దుపోతోంది, సమోవార్ రాజెయ్యవే," అంది అత్తమ్మ వెనక నుంచి. "పిల్ల వచ్చేసరికి టీ కావాలి."

లేచి గుడారం వైపు నడిచాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. మూడోసారి చూడలేదు.